అయిదు గ్రాములు, అయిదేళ్లు

జాతి, నేరం, జైలు. అమెరికా ఎన్నికల్లో ఈ మూడు మాటలు ఒకచోట చేరితే చాలు, రెండు పార్టీలూ ఒకదాని పాత చిట్టా ఒకటి విప్పుతాయి. ఆ చిట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే కనిపించే కథ ఇది.

2020 అక్టోబర్ 22 రాత్రి టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో, అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, డెబ్భై దాటిన ఇద్దరు శ్వేతజాతి నాయకులు ఒక విచిత్రమైన విషయం మీద తగవులాడుకున్నారు. నల్లజాతివారిని ఎక్కువగా జైలుపాలు చేసింది నువ్వంటే నువ్వని. 1994 నాటి నేర చట్టాన్ని రాసింది జో బైడెనేనని డొనాల్డ్ ట్రంప్ పదేపదే ఎత్తిపొడిచారు. లింకన్‌ను మినహాయిస్తే నల్లజాతికి తనంత మేలు చేసినవారు లేరన్నారు. బైడెన్ ఆయన్ను జాత్యహంకార అధ్యక్షుడన్నారు. 1980ల నాటి మత్తుమందుల చట్టాలు మాత్రం పొరపాటేనని ఒప్పుకున్నారు.

ఆ వేదిక మీద ఇద్దరి దగ్గరా నిజాలున్నాయి. 1994 చట్టాన్ని సెనేట్‌లో తీర్చిదిద్దింది నిజంగానే బైడెన్. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ అత్యాచారం కేసులో నల్లజాతి, లాటినో కుర్రాళ్లు అయిదుగురు అరెస్టయినప్పుడు, 1989లో, మరణశిక్షను మళ్లీ తేవాలని పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించింది నిజంగానే ట్రంప్. ఆ అయిదుగురి శిక్షలూ 2002లో రద్దయ్యాయి. ఇన్ని నిజాలు చెప్పుకున్న ఆ చర్చలో, ఎవరి పేరు మీద ఆ తగవు సాగిందో ఆ జనం ముప్పై ఏళ్లుగా ఏమడిగారన్న ప్రశ్నకు మాత్రం చోటు దొరకలేదు. నన్ను బాధపెట్టేది అదే.

ఒక ఆటగాడి మరణం

ఈ కథకు ఒక మొదలు వెతకాలంటే 1986 జూన్‌కు వెళ్లాలి. లెన్ బయస్ మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడే నల్లజాతి యువకుడు. జూన్ 17న బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఎంచుకుంది. రెండు రోజులు తిరక్కుండానే కొకైన్ తీసుకుని చనిపోయాడు. వయసు 22. బోస్టన్ జట్టు, బోస్టన్ అభిమానులు, ప్రతినిధుల సభ స్పీకర్ టిప్ ఓనీల్ నియోజకవర్గమూ బోస్టన్ ప్రాంతమే. డెమోక్రాట్ అయిన ఓనీల్ నవంబర్ ఎన్నికల్లోగా మత్తుమందుల మీద గట్టి చట్టం కావాలన్నాడు. రిపబ్లికన్లు మనకన్నా గట్టిగా మాట్లాడకముందే మనం మాట్లాడాలన్నది ఆ తొందర. వైద్యులతో, శాస్త్రజ్ఞులతో సావకాశంగా విచారణలు జరగలేదు. ఎంత మోతాదుకు ఎన్నేళ్లు అన్న లెక్కలు వేలం పాటలా పెరుగుతూ పోయాయి. సెప్టెంబర్‌లో సభ 392–16 ఓట్లతో ఆమోదించింది. అక్టోబర్ 27న రొనాల్డ్ రేగన్ సంతకం చేశాడు.

ఆ చట్టం ప్రకారం క్రాక్ 5 గ్రాములుంటే కనీసం అయిదేళ్ల జైలు. చెంచాడు పంచదార బరువు. అదే కొకైన్ పొడి అయితే అయిదేళ్ల శిక్ష పడాలంటే 500 గ్రాములుండాలి. ఒకటికి వంద. క్రాక్ అంటే వేరే మత్తుమందేమీ కాదు, కొకైన్ పొడినే వంటసోడా, నీళ్లు కలిపి మరిగిస్తే తయారయ్యే పలుకులు. చవక కాబట్టి పేద వాడల్లో చిన్న చిన్న మోతాదుల్లో అమ్ముడయ్యేది. పొడి ఖరీదైనది. 1988లో ఇంకో మెట్టు ఎక్కారు. అమ్మకపోయినా సరే, 5 గ్రాములకు మించి క్రాక్ దగ్గరుంటే చాలు, అయిదేళ్లు ఖాయమన్నారు. అప్పట్లో ఇంకే మత్తుమందుకూ ఫెడరల్ చట్టంలో అటువంటి శిక్ష లేదు.

1990ల తొలినాళ్లకల్లా ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్ష పడ్డ ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది నల్లజాతివారు. సర్వేల్లో క్రాక్ వాడామని చెప్పినవారిలో మాత్రం శ్వేతజాతివారే ఎక్కువ. చట్టంలో ఎక్కడా జాతి మాట లేదు. అవసరం కూడా పడలేదు.

ఇంతవరకూ వింటే ఇది శ్వేతజాతి పాలకులు నల్లజాతి మీద మోపిన చట్టం అనిపిస్తుంది. కానీ 1986లో సభలో మత్తుమందుల కమిటీకి అధ్యక్షుడు చార్లెస్ రాంగెల్, న్యూయార్క్ హార్లెమ్ నుంచి గెలిచిన నల్లజాతి డెమోక్రాట్. కఠిన శిక్షలు కావాలని గొంతెత్తినవారిలో ఆయన ముందు వరసలో ఉన్నాడు. ఆయన వీధుల్లో తల్లులు పిల్లల్ని సాయంత్రం బయటికి పంపడానికి భయపడుతున్న రోజులవి. తర్వాతి కాలంలో ఆ ఒకటికి వంద నిష్పత్తిని తుడిచేయడానికి పోరాడినవారిలోనూ ఆయనే ఉన్నాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషివి. రెండూ నిజాయితీగా చేసినవే అనుకుంటాను నేను. పార్టీల వాగ్వాదంలో ఇలాంటి మనిషికి చోటుండదు. ఏ పక్షమూ ఆయన్ను పూర్తిగా వాడుకోలేదు.

లింకన్ పార్టీ ఎటు నడిచింది

ఈ తగవులో ఎప్పుడూ వినిపించే రెండు వాదనలున్నాయి. బానిసత్వాన్ని వెనకేసుకొచ్చింది, కూ క్లక్స్ క్లాన్‌కు అండగా నిలిచింది డెమోక్రాట్లే అంటారు రిపబ్లికన్లు. 1964 తర్వాత ఆ డెమోక్రాట్లంతా మీ పార్టీలోకే వచ్చారుగా అంటారు డెమోక్రాట్లు.

మొదటి వాదన పందొమ్మిదో శతాబ్దానికీ, ఇరవయ్యో శతాబ్దం సగానికీ సరిపోతుంది. రెండోదాన్ని కాస్త నిదానంగా చూడాలి. 1964 పౌరహక్కుల చట్టం సెనేట్‌లో 73–27తో నెగ్గింది. వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది డెమోక్రాట్లు, ఆరుగురు రిపబ్లికన్లు. రిపబ్లికన్ నేత ఎవరెట్ డిర్క్‌సన్ తన వాళ్లను కూడగట్టకపోతే బిల్లు గట్టెక్కేదే కాదు. కానీ ఆ ఆరుగురిలో ఒకడైన బారీ గోల్డ్‌వాటర్‌నే ఆ ఏడాది రిపబ్లికన్లు అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టారు. ఆయన చిత్తుగా ఓడాడు. గెలిచినవి సొంత రాష్ట్రం అరిజోనా, దక్షిణాది లోతట్టు రాష్ట్రాలు అయిదు. 1960లో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కు మూడోవంతు దాకా వేసిన నల్లజాతి ఓటర్లు ఆ దెబ్బతో రిపబ్లికన్ పార్టీని దాదాపు వదిలేశారు. ఇప్పటికీ తిరిగి రాలేదు.

అయితే వ్యతిరేకించిన ఆ 21 మంది డెమోక్రాట్ సెనేటర్లలో పార్టీ మారింది ఒక్క స్ట్రామ్ థర్మండ్. మిగతావాళ్లు అక్కడే ఉండి కమిటీలు ఏలారు. మారింది ఓటర్లు, అదీ ఒక తరం పట్టింది. అంతర్యుద్ధానంతర పునర్నిర్మాణ కాలం ముగిశాక జార్జియా తొలి రిపబ్లికన్ గవర్నర్‌ను ఎన్నుకున్నది 2002లో. గోడ దూకినంత సులువుగా ఏదీ జరగలేదు.

మనకు సంబంధించిన ముడి ఒకటి ఇక్కడే ఉంది. పౌరహక్కుల బిల్లును ప్రతినిధుల సభలో నడిపించిన ఇమాన్యుయెల్ సెల్లర్, మరుసటి ఏడాది వలస చట్టాన్నీ నడిపించాడు. 1965 అక్టోబర్ 3న లిబర్టీ ద్వీపంలో లిండన్ జాన్సన్ దాని మీద సంతకం చేశాడు. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి దక్కిన వాటా వందమంది. పుట్టిన దేశాన్నిబట్టి మనిషిని తూచడం తప్పని అమెరికా కాంగ్రెస్‌ను ఒప్పించింది నల్లజాతి పోరాటం వేసిన దారి. గుంటూరు, వరంగల్ వైద్య కళాశాలల నుంచి వెళ్లిన మొదటి తరం డాక్టర్లు నడిచింది ఆ దారినే. ఆ రుణం మన డ్రాయింగ్ రూముల్లో తలచుకునేవారు తక్కువ. మన పిల్లలు పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ దోపిడీల్లో తూటాలకు బలైనప్పుడు తల్లిదండ్రుల గుండె కోత నిజం. దాన్ని ఎవరూ చిన్నబుచ్చకూడదు. కానీ ఆ దుఃఖం నుంచి, ‘నల్లవాళ్లుండే వైపు వెళ్లకు నాయనా’ అన్న మాట దాకా మనం చాలా తేలిగ్గా వెళ్లిపోతాం. 2017 ఫిబ్రవరిలో కన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరును కాల్చి చంపినవాడు శ్వేతజాతీయుడు. వాణ్ని ఆపబోయి తూటా తిన్నవాడూ శ్వేతజాతీయుడే.

నేరాన్ని ఓటుగా మార్చిన ప్రకటన

నేరం మీద యుద్ధం మొదలుపెట్టింది నిక్సన్ అని చాలామంది అనుకుంటారు. ‘శాంతిభద్రతలు’ అన్న నినాదంతో 1968లో ఆయన గెలిచిన మాట నిజమే. కానీ స్థానిక పోలీసులకు ఫెడరల్ సొమ్ము పంపే తలుపు తెరిచింది 1965లో డెమోక్రాట్ జాన్సన్. ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టిన చేత్తోనే. 1973లో న్యూయార్క్‌లో దేశంలోకెల్లా కఠినమైన మత్తుమందుల చట్టాలు తెచ్చిన నెల్సన్ రాక్‌ఫెల్లర్ రిపబ్లికన్లలో ఉదారవాదిగా పేరుపడ్డవాడు. ఆయన పక్కన నిలబడి మద్దతు పలికినవారిలో హార్లెమ్ మతబోధకులున్నారు.

1988 మాత్రం వేరు. అది నిజంగా సిగ్గుపడాల్సిన అధ్యాయం. మసాచుసెట్స్‌లో హత్య కేసులో యావజ్జీవం పడ్డ విలియం హార్టన్ అనే నల్లజాతి ఖైదీ 1986లో ఫర్లో (జైలు నుంచి తాత్కాలిక సెలవు) మీద బయటికొచ్చి తిరిగి వెళ్లలేదు. మరుసటి ఏడాది మేరీలాండ్‌లో ఒక ఇంట్లో చొరబడి యువకుణ్ని కత్తితో పొడిచి, అతని కాబోయే భార్య మీద అత్యాచారం చేశాడు. మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్ అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాటిక్ అభ్యర్థి. హార్టన్ ఫొటోతో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ సీనియర్ మద్దతుదారుల బృందం ఒకటి టీవీ ప్రకటన చేసింది. బుష్ ప్రచార సారథి లీ ఆట్‌వాటర్ ఈ ఉదంతాన్ని ఊరూరా మోగించాడు. ఆ ఖైదీని ఎవరూ విలీ అని పిలిచేవారు కాదు. ఆ పేరు ప్రచారం పెట్టింది.

ఇక రెండో చిట్టా చూడండి. ఆ ఫర్లో పథకాన్ని మొదలుపెట్టింది డుకాకిస్ కన్నా ముందున్న రిపబ్లికన్ గవర్నర్. ఘోర హత్యల ఖైదీలకు అది వర్తించకూడదన్న బిల్లును 1976లో వీటో చేసింది డుకాకిస్. ఎన్నికల్లో ఆ పథకాన్ని మొదట ఎత్తిచూపింది రిపబ్లికన్లు కారు. డెమోక్రాటిక్ పార్టీలోపలి పోటీలో, హార్టన్ పేరు ఎత్తకుండానే, అల్ గోర్. మెదడు కణితితో 1991లో చనిపోయేముందు ఆట్‌వాటర్ డుకాకిస్‌కు క్షమాపణ చెప్పాడు. బుష్ 40 రాష్ట్రాలు గెలిచాడు.

డెమోక్రాట్లు ఆ ఓటమి నుంచి ఒక పాఠం నేర్చుకున్నారు. అది తప్పుడు పాఠమని నా అభిప్రాయం. మెతక అన్న ముద్ర ఇంకెప్పుడూ పడకూడదనుకున్నారు. 1992 జనవరిలో బిల్ క్లింటన్ ఎన్నికల ప్రచారం ఆపి ఆర్కన్సాకు తిరిగొచ్చాడు, ఒక నల్లజాతి ఖైదీ మరణశిక్ష అమలు సమయానికి. పోలీసును చంపాక తన తలలోకే కాల్చుకుని మెదడు దెబ్బతిన్న ఆ మనిషి, చివరి భోజనంలో మిఠాయిని తర్వాత తింటానని దాచుకున్నాడు. తర్వాత అన్నది లేదని అతనికి తెలియదు.

1994: అడిగింది రెండు, ఇచ్చింది ఒకటి

1994 సెప్టెంబర్ 13న క్లింటన్ సంతకం చేసిన నేర చట్టం విలువ 30 బిలియన్ డాలర్లు. లక్షమంది కొత్త పోలీసులు, జైళ్లు కట్టుకునే రాష్ట్రాలకు నిధులు, మూడోసారి ఘోర నేరం చేస్తే యావజ్జీవం. అందులోనే యుద్ధ తరహా తుపాకుల అమ్మకంపై పదేళ్ల నిషేధం, మహిళలపై హింసకు వ్యతిరేకంగా తొలి సమగ్ర ఫెడరల్ చట్టం. బెర్నీ శాండర్స్ దీనికి ఓటేశాడు. కాంగ్రెస్‌లోని నల్లజాతి సభ్యుల్లో అధికులు ఓటేశారు. ఆ ఏడాది గాలప్ సర్వేలో ఈ బిల్లును సమర్థించిన నల్లజాతివారు 58 శాతం, శ్వేతజాతివారు 49 శాతం.

ఈ అంకె దొరికితే చాలు, ‘వాళ్లే అడిగారు కదా’ అనేస్తారు. ఏమడిగారో పూర్తిగా వినాలి. 1991లో అమెరికాలో 24,000కు పైగా హత్యలు జరిగాయి. హతుల్లో దాదాపు సగం నల్లజాతివారు, జనాభాలో వారి వాటా ఎనిమిదోవంతు మాత్రమే. అటువంటి రోజుల్లో పోలీసులు కావాలనడం సహజం. దానితో పాటు ఉద్యోగాలు, బడులు, మత్తు మాన్పించే చికిత్స కావాలన్నారు. మరణశిక్షల్లో జాతి వివక్షను గణాంకాలతో కోర్టులో నిరూపించే హక్కు కావాలన్నారు. ఆ చివరి అంశాన్ని ప్రతినిధుల సభ ఆమోదించింది కూడా. సెనేట్ సాగనివ్వలేదు. నేర నివారణ పథకాలను, ముఖ్యంగా పేద వాడల్లో రాత్రిపూట బాస్కెట్‌బాల్ ఆటలను, రిపబ్లికన్లు ఎగతాళి చేశారు. ఆగస్టులో బిల్లు ఒకసారి చతికిలబడ్డాక మూడు బిలియన్లకు పైగా కోత పడింది. కోతలో ఎక్కువ భాగం నివారణ పథకాల మీదే. రాజీ కుదుర్చుకున్నవాళ్లు రెండు పార్టీలవారూ.

ఈ సంగతిని అందరికన్నా స్పష్టంగా రాసింది జేమ్స్ ఫోర్‌మన్ జూనియర్. పౌరహక్కుల ఉద్యమ నాయకుడి కొడుకు, 1990లలో వాషింగ్టన్ నగరంలో పేద ముద్దాయిల తరఫు ప్రభుత్వ న్యాయవాది. ఆయన వాదించిన కోర్టు గదుల్లో జడ్జి, ప్రాసిక్యూటర్, ముద్దాయి అంతా నల్లజాతివారే. ఆయన పుస్తకం ‘లాకింగ్ అప్ అవర్ ఓన్’కు 2018లో పులిట్జర్ వచ్చింది. నల్లజాతి నేతలు పోలీసులతో పాటు వాడల పునరుద్ధరణ కూడా కోరారని, చేతికొచ్చింది మాత్రం పోలీసులూ జైళ్లేనని ఆయన పత్రాలతో చూపించాడు.

1994 చట్టమే అమెరికా జైళ్లను నింపిందన్న మాట కూడా నిలవదు. 1972లో రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో ఖైదీలు సుమారు రెండు లక్షలు. ఆ చట్టం వచ్చేనాటికే పది లక్షలు దాటారు. శిఖరం 2009 ప్రాంతంలో, 16 లక్షల పైన. అందులో ఫెడరల్ జైళ్లలో ఉన్నది ఎనిమిదోవంతు. మిగతావారంతా రాష్ట్ర చట్టాల కింద, చాలావరకు ఎన్నికైన జిల్లా ప్రాసిక్యూటర్లు పెట్టిన కేసుల్లో వెళ్లినవాళ్లు. అధ్యక్షుల తగవు చూస్తూ కూర్చుంటే ఆ ప్రాసిక్యూటర్ల వంక ఎవరి చూపూ మళ్లదు.

క్లింటన్ విషయంలో నేను మన్నించలేనిది 1994 కన్నా 1995. ఆ ఏడాది శిక్షల నిర్ణయ సంఘం క్రాక్‌కూ పొడికీ తేడా ఎత్తేయాలని సిఫారసు చేసింది. నిపుణుల మాట చేతికందింది. కాంగ్రెస్ తోసిపుచ్చింది, లక్షలాది నల్లజాతి పురుషులు వాషింగ్టన్‌లో ప్రదర్శన చేసిన రెండు వారాలకు, అక్టోబర్ 30న, క్లింటన్ ఆ తిరస్కరణ మీద సంతకం చేశాడు. 1986లో తెలియక చేశారనుకోవచ్చు. 1995లో తెలిసే చేశారు. సమస్యను తాను పెంచానని క్లింటన్ బహిరంగంగా ఒప్పుకునేసరికి 2015 వచ్చింది.

చేతులు కలిసిన రోజులు

మార్పు వచ్చినప్పుడల్లా అది పార్టీల మధ్యనుంచే వచ్చింది. 2010లో డెమోక్రాట్ డిక్ డర్బిన్, అలబామా రిపబ్లికన్ జెఫ్ సెషన్స్ మధ్య క్రాక్, పొడి నిష్పత్తి మీద బేరం కుదిరింది. ఒకటికి ఒకటి కావాలన్నది డర్బిన్ కోరిక, ఒకటికి పద్దెనిమిది దగ్గర ఆగారు. ఒబామా సంతకం చేశాడు. అప్పటికే జైల్లో ఉన్నవారికి అది వర్తించలేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2018 డిసెంబర్‌లో, ట్రంప్ సంతకం చేసిన ఫస్ట్ స్టెప్ చట్టం వాళ్లకూ తలుపు తీసింది. సెనేట్‌లో 87–12. అంతకన్నా ముందే, 2007లో, రిపబ్లికన్ల ఏలుబడిలోని టెక్సస్ కొత్త జైళ్లు కట్టడం మాని చికిత్సకు, పర్యవేక్షణకు 24 కోట్ల డాలర్లు పెట్టింది. ఈ మేళ్లు చేసినవారికి పేరు దక్కాల్సిందే, ట్రంప్‌తో సహా.

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ చావు తర్వాత మళ్లీ రెండు శిబిరాలు గట్టిపడ్డాయి. ఆ ఏడాది దేశంలో హత్యలు 30 శాతం దాకా పెరిగాయి. పోలీసులకు నిధులు ఆపాలన్న నినాదం ఒకవైపు, డెమోక్రాట్ల నగరాలు తగలబడుతున్నాయన్న ప్రచారం మరోవైపు. ఆ వేసవిలో గాలప్ అడిగితే తమ వీధుల్లో పోలీసులు ఇప్పుడున్నంతైనా, ఇంకా ఎక్కువైనా ఉండాలన్న నల్లజాతివారు 81 శాతం. మరుసటి ఏడాది మినియాపొలిస్ ఓటర్లు పోలీసు శాఖ స్థానంలో కొత్త శాఖ తేవాలన్న ప్రతిపాదనను తిప్పికొట్టారు. ఫ్లాయిడ్‌కు న్యాయం కావాలన్నవాళ్లూ, రాత్రి ఫోన్ చేస్తే పోలీసు రావాలన్నవాళ్లూ చాలావరకు ఒకే మనుషులు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. వైరుధ్యం ఉన్నట్టు కనిపించేది ప్రచార ప్రకటనల్లోనే.

వాషింగ్టన్ నగరం తన వందేళ్ల నాటి నేర స్మృతిని పదహారేళ్లు కసరత్తు చేసి తిరగరాసుకుంటే, కొన్ని గరిష్ఠ శిక్షలు తగ్గాయన్న సాకుతో 2023లో కాంగ్రెస్ రద్దు చేసింది. వీటో చేస్తారనుకున్న బైడెన్ సంతకం పెట్టారు. సెనేట్‌లో వచ్చిన 81 ఓట్లలో డెమోక్రాట్లవీ చాలా ఉన్నాయి. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి మరి. 2025 ఆగస్టులో అదే నగరంలో నేరాల అత్యవసర పరిస్థితి ఉందంటూ ట్రంప్ పోలీసు శాఖను తన అధీనంలోకి తీసుకుని నేషనల్ గార్డ్‌ను దించారు. అక్కడ 2024లో హింసాత్మక నేరాలు ముప్పై ఏళ్ల కనిష్ఠానికి పడ్డాయని ఆ జనవరిలో చెప్పింది ఫెడరల్ ప్రాసిక్యూటర్ కార్యాలయమే. ఏడు లక్షల జనాభా ఉన్న ఆ నగరానికి సెనేట్‌లో ఒక్క ఓటూ లేదు.

క్రాక్, పొడి మధ్య మిగిలిన తేడాను పూర్తిగా తీసేసే బిల్లు 2021 సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభలో 361–66తో నెగ్గింది. రిపబ్లికన్లే 143 మంది ఓటేశారు. సెనేట్‌లోనూ రిపబ్లికన్లు పదిమందికి పైగా దానికి మద్దతుగా పేరు ఇచ్చారు. ఓటింగ్‌కు మాత్రం రాలేదు. హత్యలు పెరిగిన కాలం, మధ్యంతర ఎన్నికల సంవత్సరం. 2022 డిసెంబర్‌లో బడ్జెట్ బిల్లులో చేర్చాలన్న ఆఖరి ప్రయత్నమూ విఫలమైంది. ఫెడరల్ చట్టంలో అయిదేళ్ల శిక్షకు ఇప్పటికీ క్రాక్ అయితే 28 గ్రాములు చాలు, పొడి అయితే 500 గ్రాములు కావాలి.